కొల్లేటి గట్ల మీద

సరస్సులు చూడటానికి మనవాళ్ళు చాలా దూరం పోతారు. ఊటీ, కొడైకెనాల్, నైనీతాల్ సరే. ఈమధ్య కుర్రకారు కాశ్మీరు దాకా వెళ్ళి, వీపున మూట తగిలించుకుని, 3,500 మీటర్ల ఎత్తున ఉన్న గంగాబల్ వంటి కొండసరస్సులకు రోజుల తరబడి నడిచి వస్తున్నారు. మంచిదే. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే చూడవలసినవి అవి. కాని కృష్ణా గోదావరుల మధ్య పుట్టి పెరిగి కూడా కొల్లేరు చూడనివారు మన బంధువుల్లోనే ఎంతమంది లేరు! "చూడటానికి ఏముందండీ, అంతా చేపల చెరువులేగా!" అంటారు. చూసి వచ్చాను గనుక చెబుతున్నాను: చెరువులూ ఉన్నాయి, సరస్సూ ఉంది. రెండింటికీ నడుమ కంటికి కనిపించని గీత ఒకటి ఉంది. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవటమే మా ప్రయాణంలో వినోదమూ, కొంత విచారమూ కూడా అయింది.

సంక్రాంతి సందడి తగ్గాక నేనూ, మా ఆవిడా, మా చెల్లెలి పిల్లలిద్దరూ గుడివాడలో రైలెక్కాము. గుడివాడ-భీమవరం లైనులో మండవల్లి దాటితే కైకలూరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లా. స్టేషనులో దిగగానే ఊరి వృత్తి ఏమిటో ముక్కే చెబుతుంది. మంచుగడ్డలు కొట్టే చప్పుడు, చేపల పెట్టెలు, వాటిని హౌరాకూ అస్సాముకూ మోసుకుపోయే లారీలు. శ్యామలాంబ అమ్మవారిని దర్శించుకుని, ఇడ్లీలు తిని, ఆటపాక వైపు కాలినడకన బయలుదేరాము. రెండు మూడు కిలోమీటర్లే గనుక బండి అక్కరలేదు. పైగా కొల్లేటి సీమను నడిచి చూస్తేనే దాని చదును ఎంత చదునో తెలుస్తుంది. ఎటు చూసినా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, గట్ల మధ్య నీళ్ళు. కనుచూపు మేరలో గుట్ట అన్నది లేదు. "మామయ్యా, ఇక్కడ కొండ లేదా?" అన్నాడు చిన్నవాడు. లేదురా అన్నాను.

ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ మాట్లాడుకున్నాము. పడవ నడిపే పెద్దాయన లంకల్లోనే పుట్టినవాడు. చేతిలో గెడ, తలకు తువ్వాలు. గట్టు విడిచి కొంత దూరం పోయామో లేదో పిల్లల నోళ్ళు మూతబడ్డాయి. నీళ్ళ మధ్య ఇనుప మంచెలు పాతారు. ఒక్కొక్క మంచె మీద పుల్లలతో కట్టిన గూళ్ళు, ఆ గూళ్ళలో గూడబాతులు. అవి చిన్న పక్షులనుకునేరు! నిలబడితే మా చిన్నవాడి భుజం దాకా వస్తాయి. ముక్కు కింద సంచి. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని నోట్లోకి మెడ దాకా దూరి, లోపలి చేపను లాక్కుంటుంది. "అమ్మను తినేస్తోంది!" అని మా పాప కేక వేసింది. "లేదమ్మా, భోంచేస్తోంది," అన్నాడు పడవాయన.

చెట్ల మీద కట్టుకోవలసిన గూళ్ళకు ఇనుప మంచెలెందుకు అని అడిగాను. గూళ్ళు మోసే చెట్లు చాలనందువల్ల అటవీశాఖవారు నిలబెట్టినవట. దీని వెనుక పాత కథ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గూళ్ళు కట్టే చోటును కనుగొని లోకానికి తెలియజేశారు. అప్పుడక్కడ దాదాపు 3,000 పక్షులు ఉండేవి. 1975 నాటికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. తరవాత ఎన్నో ఏళ్ళకుగాని ఆటపాకలో మళ్ళీ ఈ సందడి మొదలుకాలేదు. ఒకసారి పోయి మళ్ళీ వచ్చిన చుట్టాలివి.

గూడబాతులు కాక ఎర్రకాళ్ళ కొంగలు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, నుదుట తెల్లటి నామంతో నామాలకోళ్ళు కనిపించాయి. ఒడ్డున మనిషెత్తు కిక్కిస గడ్డి. అక్కడక్కడ గుర్రపుడెక్క ఊదాపూలతో ముచ్చటగా ఉంది. మా ఆవిడ మెచ్చుకోబోతే పడవాయన, "పూలు చూసి మోసపోకండమ్మా, అది పట్టిందంటే పడవ కదలదు," అన్నాడు.

కొల్లేరు లోతెంత అని అడిగితే ఆయన గెడ నిలబెట్టి నాకొక పాఠం చెప్పాడు. గెడ అడుగున సముద్రమట్టం అనుకోమన్నాడు. మోకాలి పైన చెయ్యి పెట్టి, "ఇది మూడో కాంటూరు." రొమ్ము దగ్గర పెట్టి, "ఇది అయిదు." తలపైకి చెయ్యెత్తి, "ఇది పది." అంతే కొల్లేరు! నీరు మూడడుగుల మట్టంలో ఉంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగులకు 308. పదడుగులకు ఎక్కితే 901. కాశ్మీరులో ఎత్తును వేల మీటర్లలో లెక్కపెడతారు. ఇక్కడ మోకాలికీ రొమ్ముకూ మధ్య ఉన్న జానెడు జాగాలో ఎంతో భూమి మునిగి తేలుతుంది.

ఇలా ఎందుకంటే, కొల్లేరు రెండు డెల్టాల నడుమ మిగిలిన పళ్ళెం వంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులూ, పొలాల మురుగుకాలవలూ అందులోకే దిగుతాయి. బయటికి పోవటానికి దారి ఒక్కటే: ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వాగులు పొంగితే కొల్లేరు ఆ నీటిని పట్టి ఉంచి మెల్లమెల్లగా వదలాలి. పళ్ళెంలో గట్లు పోస్తే నీరు పక్క ఊళ్ళ మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి అందరికీ తెలుసు. ఆ నీరే తరవాత ఇటు చేరి, ఏలూరు-కైకలూరు రోడ్డెక్కి రాకపోకలు ఆపేసింది.

అయితే గట్లు పోసినవారు దొంగలా? కాదు. 1976 ప్రాంతాన ప్రభుత్వమే లంక గ్రామాల పేదలను సంఘాలుగా చేర్చి చెరువులు తవ్వుకోనిచ్చింది. తరవాత తరవాత పెట్టుబడి ఉన్నవారు పైనుంచి దిగారు. సరస్సు మొత్తం పలకల మాదిరి గళ్ళుగళ్ళు అయిపోయింది. 1999లో అయిదో కాంటూరు లోపలి భాగాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల్లో చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లను యంత్రాలతో కొట్టివేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ వాదం ఇక్కడి ఎన్నికల్లో చాలాసార్లు వినిపించింది.

మా పడవాయన తండ్రికి సంఘం చెరువులో ఒక వాటా ఉండేదట. 2006లో ఆ గట్టు పోయింది. ఇప్పుడాయన ఇద్దరు కొడుకులూ గీత బయట వేరొకరి చెరువుల మీద కాపలా కూలీకి పోతున్నారు. పక్షులు వాలకుండా చెరువుల మీద తాళ్ళు కట్టటం, టపాకాయలు కాల్చటం వాళ్ళ పని.

"అయితే కొడుకులు తోలిన పిట్టల్ని మీరు చూపిస్తున్నారన్నమాట," అన్నాను.

"అవునండి. రెండు కూళ్ళూ వీటి పేరు మీదే తింటున్నాం," అన్నాడాయన నవ్వకుండా.

"గీత మూడుకు దించితే మీ వాటా మీకు వస్తుందా?"

ఆయన కాసేపు గెడ వెయ్యలేదు. "కాగితం మా పేరున వస్తదండి. చెరువు ఎవరు చేస్తారో కాగితంలో ఉండదు గదండీ," అన్నాడు.

మధ్యాహ్నం ఆటోలో ఆలపాడు వైపు వెళ్ళి, అక్కడినుంచి కొల్లేటికోట దారి పట్టాము. సర్కారు కాలవ అవతల లంక మీద ఉన్న పెద్దింట్లమ్మ ఈ సీమకు ఇలవేల్పు. ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా జాతర; జలదుర్గకూ గోకర్ణేశ్వరస్వామికీ కల్యాణం. ఆ రోజుల్లో ఎక్కడెక్కడి జనమో వస్తారు. మేము వెళ్ళిననాడు మాత్రం గుళ్ళో ముగ్గురే ఉన్నారు. ఆలయం అరుగు మీద కూచున్న ఒక ముసలమ్మ పిల్లలను దగ్గరికి పిలిచి పేరంటాల కనుమ కథ చెప్పింది. ఇక్కడి కోటలో గజపతుల సేన ఉండేదట. శత్రువు చిగురుకోటలో విడిది చేసి, సరస్సు నీటిని సముద్రానికి వదిలేస్తే కోట దానంతటదే చిక్కుతుందని కాలవ తవ్వించాడట. గజపతి సేనాని గెలుపు కోసం కన్నకూతురినే బలి ఇచ్చాడట. అందుకే ఉప్పుటేటి పాయకు ఆ పేరు. "పాపం ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదా?" అంది మా పాప. ముసలమ్మ దాని బుగ్గ పుణికి, "మమ్మల్ని మాత్రం ఎవరడిగారమ్మా!" అంది.

తిరుగు ప్రయాణం ఏలూరు బస్సులో. ఈ రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళమీద సాయంత్రపు ఎండ, గూళ్ళకు తిరిగి పోతున్న బారులు. నా మట్టుకు గీత అయిదు దగ్గరే ఉండాలనిపించింది. పక్షులకోసమే కాదు; నీటికి చోటు కావాలి. కాని ఆ చోటు వదిలిన లంకవారికి బతుకుతెరువు చూపించకుండా గీతను మాత్రం కాపాడమంటే, రేపు దాన్ని కాపాడే మనిషి దొరకడు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లవారుజామునే ఆటపాక చేరండి; ఎండెక్కితే పక్షులు మేతకు చెదిరిపోతాయి. దుర్భిణి ఉంటే తీసుకువెళ్ళండి. గూళ్ళ దగ్గర పిల్లలను అరవనివ్వకండి. పడవ దిగేటప్పుడు నడిపినవారికి అయిదో పదో ఎక్కువ ఇచ్చి, గెడ మీద కాంటూర్లు చూపించమని అడగండి. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ అంత తేలికగా దొరకదు.