షోళవరం నుంచి ఇరుంగాట్టుకోట్టైదాకా

చెన్నపట్నంలో తరతరాలుగా కాపురముంటున్న మన కుటుంబాలవారికి నెల్లూరి రోడ్డు కొత్తది కాదు. పెండ్లికనో, పురుడుకనో, పొలం కౌలు వసూలుకనో ఏడాదికొక్కసారైనా ఆ దారిన పోని ఇల్లు మనలో అరుదు. మాధవరం దాటి, రెడ్‌హిల్స్ చెరువును దాటి ఇంకా కొంచెం ఉత్తరంగా పోతే షోళవరం వస్తుంది. ఆ ఊరి చెరువు నీరు పట్నానికి త్రాగునీరు. అంతవరకు మనకందరికీ తెలుసు. కాని ఆ చెరువుతోబాటు ఆ ఊరికి మరొక ఖ్యాతి కూడా ఉండేదని నేటి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో విమానాలు దిగడానికి అక్కడ ఒక రన్‌వే వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. దానిమీద మోటారు పందేలు మొదలైనాయి.

మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడింది. అది మొదలు 1980ల వరకూ షోళవరం పందేలంటే దక్షిణదేశమంతటా పేరు. కోయంబత్తూరు నుంచి, బెంగుళూరు నుంచి, కలకత్తా నుంచి కూడా బండ్లు వచ్చేవి. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు. పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ కూజాలు, గొడుగులు, చంకన పిల్లలు. బండ్లు నడిపినవారి పేర్లు పత్రికలలో పడేవి. ఎవరు ముందు వచ్చారో, ఎంత సేపట్లో వచ్చారో లెక్క వ్రాసినవారి పేర్లు మాత్రం ఎక్కడా పడేవి కావు. ఈ వ్యాసం వారిని గురించి.

మా మేనమామ యౌవనంలో అటువంటి లెక్కగాడు. వారానికి ఆరురోజులు గుమాస్తాగిరీ, పందేలనాడు షోళవరం. జీతం లేదు, బత్తెం లేదు. మధ్యాహ్నం ఒక భోజనపు పొట్లం, నెత్తిన ఒక టోపీ. అంతే. బల్లకు ముగ్గురు కూర్చునేవారట. ఒకరి చేతిలో స్టాప్ వాచీ. ఇంకొకరు ఎదుటినుంచి దూసుకుపోయే బండి నంబరు చూచి పైకి కేకవేయాలి. మూడవవారు ఆ నంబర్లను వరుసగా చుట్టుకొక గడి చొప్పున కాగితంమీద ఎక్కించాలి. దానికి ల్యాప్ చార్టు అని పేరు. ముప్పై బండ్లు పది చుట్లు తిరిగితే మూడువందల నంబర్లు. ఒక్కటి తప్పితే ఆ తర్వాతివన్నీ తప్పు. తుమ్ము వచ్చినా ఆపుకోవలసిందే!

స్టాప్ వాచీ ఎంత మంచిదైనా నొక్కేది మనిషి వేలు. కన్ను చూచి, బుద్ధి గ్రహించి, వేలు కదిలేసరికి సెకండులో అయిదవవంతు ఇట్టే గడిచిపోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ వ్యవధిలో అయిదు మీటర్లు పోతుంది. 180 కిలోమీటర్ల వేగమైతే పది మీటర్లు. దీనికి మా మామ సమాధానం ఒకటే. “మొదట ఎంత ఆలస్యంగా నొక్కుతానో చివరా అంతే ఆలస్యంగా నొక్కితే చెల్లుకు చెల్లు. ఆ నిలకడ రావడానికే నాకు మూడేళ్ళు పట్టిందిరా అబ్బాయీ!” ఆ మాటలో నిజముంది. కాని పొద్దు వాలేవేళకు కన్ను అలసిపోతుంది. రెండు బండ్లు ఒక్కసారి వస్తే ఒక వేలు రెండుసార్లు నొక్కలేదు.

చేతి గడియారాల చిక్కు మోటారు పందేలది మాత్రమే కాదు. 1960లో రోము ఒలింపిక్సులో నూరు మీటర్ల ఈతపందెం జరిగింది. అమెరికా దేశపు లార్సన్ అనే అతనికి ముగ్గురు గడియారాలు పట్టారు: 55.0, 55.1, 55.1 సెకండ్లు. ఆస్ట్రేలియా దేశపు డెవిట్‌కు పట్టిన మూడు గడియారాలూ 55.2 అన్నాయి. గడియారాల ప్రకారం లార్సన్ ముందు. అయినా న్యాయనిర్ణేతలు కంటితో చూచినదాన్నిబట్టి బంగారు పతకం డెవిట్‌కు ఇచ్చారు. ఆ రగడ చాలాకాలం చల్లారలేదు. ఈతగాడి చేయి తగలగానే తనంతట తానే కాలం నమోదు చేసే పలకలు 1968 ఒలింపిక్సునాటికి వచ్చాయి. మోటారు పందేలలోను క్రమంగా అటువంటి మార్పే వచ్చింది. దాన్ని కళ్ళారా చూద్దామని గత చలికాలంలో ఒక ఆదివారం మేము ఇరుంగాట్టుకోట్టై వెళ్ళాము. మేమంటే నేనూ, మా మామా, ఆయన కొడుకూ. తండ్రి పట్టిన పనే కొడుకూ పట్టాడు. వారమంతా ఉద్యోగం, ఆదివారాలు పందేల టైమింగు గది.

ఇది నెల్లూరి దారి కాదు. పడమటగా బెంగుళూరికి పోయే దారి. పూందమల్లి దాటినతర్వాత ఊళ్ళు పలుచబడి, కార్ల కార్ఖానాలూ గిడ్డంగులూ వస్తాయి. ఇంకొంచెం ముందుకు పోతే శ్రీపెరుంబుదూరు, భగవద్రామానుజులవారు అవతరించిన క్షేత్రం. మా అత్తయ్య పదేపదే చెప్పినందున ముందు అక్కడికిపోయి సేవ చేసుకొని, వెనుకకు వచ్చి ఇరుంగాట్టుకోట్టైలో దిగాము. షోళవరం క్లబ్బువారే ఇక్కడ పందేలకోసమే ప్రత్యేకంగా ట్రాకు నిర్మించారు, 1990లో ప్రారంభమైంది. ఒక్క చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. షోళవరంలో రన్‌వేను ట్రాకు చేసుకున్నారు. ఇక్కడ వంపులన్నీ కావాలని వేసినవి. చుట్టూ తుమ్మచెట్లు, ఎర్రమట్టి, పెట్రోలు వాసన. బండి కనబడకముందే దాని మోత వస్తుంది, బండి పోయాక చాలాసేపటిదాకా చెవిలో ఉంటుంది.

కొత్త పద్ధతి ఎటువంటిదో మా బావమరిది నాకు విడమరచి చెప్పాడు. “బావా, ఇది మన టోలుగేటు వంటిదే అనుకో” అన్నాడు. రోడ్డుకు అడ్డంగా తారులో సన్నని గాడి కోసి అందులో తీగ పరచి పైన పూడ్చివేస్తారు. ప్రతి బండికి అగ్గిపెట్టెకు కొంచెం పెద్దదైన ఒక డబ్బీ బిగిస్తారు. దాని పేరు ట్రాన్స్‌పాండర్. అది ఎల్లవేళలా తన నంబరును తాను నిశ్శబ్దంగా జపిస్తూ ఉంటుంది. తీగమీదుగా పోగానే ఆ జపాన్ని తీగ వింటుంది. గదిలోని యంత్రం ఏ నంబరు ఏ క్షణాన దాటిందో వ్రాసుకొంటుంది. సెకండులో వెయ్యవవంతు వరకూ లెక్క. 180 కిలోమీటర్ల వేగంలో వెయ్యవవంతు అంటే అయిదు సెంటీమీటర్లు. పది మీటర్ల సందేహం ఉన్నచోట రెండంగుళాల సందేహం! పది బండ్లు గుంపుగా వచ్చినా దానికి తడబాటు లేదు, తుమ్ము లేదు.

కొండదారి పందెంవలె ఒక్కొక్క బండినే వదిలే పోటీలకు ఇంత సరంజామా అక్కరలేదు. మొదట ఒక కాంతికిరణం, చివర ఒక కాంతికిరణం పెట్టితే చాలు. బండి అడ్డుపడగానే కాలం నమోదవుతుంది. కాని ఆ కిరణానికి బండి ఏదో, అడ్డంవచ్చిన కుక్క ఏదో తెలియదు. అక్కడ కాపలాకు మనిషి ఉండవలసిందే.

మధ్యాహ్నం చెట్టుక్రింద చద్ది విప్పుకున్నప్పుడు, ఈ మార్పు ఎంత తేలికగా వచ్చిందో అన్నాను. మామ నవ్వాడు. “తేలికగానా? వాడినడుగు” అని కొడుకును చూపించాడు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి చెప్పిన కథ ఇది. షోళవరం రోజులు పోయిన చాలాకాలానికి మా మామ వేరొక చిన్న క్లబ్బులో చేరాడు. పిల్లల మోటారు సైకిళ్ళ పోటీలు. అద్దెకు తీసుకున్న చిన్న ట్రాకు. పని చేసేవారందరూ ఉచితంగా చేసేవారే. అక్కడికి ఈ డబ్బీల పద్ధతి తెద్దామని కుర్రవాళ్ళు ప్రతిపాదించారు. సభలో మూడు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి ఖర్చు. రెండు, డబ్బీ చార్జి అయిపోతే ఆ పిల్లవాడి పందెం గతేమిటని. మూడవది ఎవరూ పైకి అనలేదు. ఇరవై ఏళ్ళుగా ఎండలో కూర్చుని నంబర్లు వ్రాసిన పెద్దవాళ్ళకు ఇక పని ఏమిటి? ఆ రాత్రి మా మామ అన్నం తినలేదట.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. మొదటి ఏడాది అన్ని పోటీలలోను యంత్రమూ నడవాలి, పాత బల్లా నడవాలి. సాయంత్రం రెండు లెక్కలూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. రెండూ సరిపోయేదాకా ఫలితం ప్రకటించరాదు.

మొదటి పోటీలోనే మామకు దెబ్బ తగిలింది. రెండు బండ్లు ఒకదానినొకటి రాచుకుంటూ వచ్చాయి. బల్లమీది ముగ్గురూ ఎర్ర బండి ముందన్నారు. యంత్రం నీలం బండి ముందన్నది, తేడా సెకండులో ఇరవయ్యవవంతైనా లేదు. ఎవరో ఫోనుతో తీసిన బొమ్మ చూస్తే నీలం బండే. “అంతకుముందు ఎన్ని ఎర్రబండ్లకు ఎన్ని కప్పులిచ్చామో అని గుండె జల్లుమన్నది” అన్నాడు మామ.

రెండవ పోటీలో యంత్రానికి దెబ్బ తగిలింది. ఒకే షెడ్డునుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళ డబ్బీలు ఉదయం బిగించేటప్పుడు తారుమారైనాయి. యంత్రం తన ధర్మాన అది సరిగానే లెక్కవేసింది, కాని ఒకరి కాలం ఇంకొకరి పేర అచ్చుకొట్టింది. వారిలో ఒకడు మెకానికు షాపులో పనిచేస్తూ కూడబెట్టిన డబ్బుతో టైర్లు కొనుక్కొని వచ్చినవాడు. మూడవ స్థానం అతనిది, కాగితంమీద తొమ్మిదవది. అతను ఎదురు మాట్లాడలేదు. యంత్రం చెప్పిందంటే తప్పు తనదే అనుకొని బండి లారీ ఎక్కిస్తున్నాడు. అప్పటికి బల్లమీద చార్టులో బండికి రంగుతో వ్రాసిన నంబరు ఉంది. అది చుట్టుచుట్టుకూ మూడవ గడిలోనే ఉంది. మా మామ కాగితం పట్టుకొని లారీ దగ్గరకు పరుగెత్తాడట, అరవై దాటిన వయస్సులో.

ఆ సాయంత్రంతో వాదం ముగిసింది. గెలిచినవారూ లేరు, ఓడినవారూ లేరు. కాలం కొలవడం యంత్రం పని. ఆ కాలం ఎవరిదో చూచుకోవడం మనుషుల పని. ఉదయం ప్రతి బండి దగ్గరకూ పోయి డబ్బీ నంబరూ, బండి నంబరూ, నడిపేవాని పేరూ మూడూ చదివి సంతకం తీసుకోవడం పెద్దవాళ్ళకు అప్పగించారు. డబ్బీ అందరి బండికీ ఇంచుమించు ఒక్కచోటే ఉన్నదా, చార్జి ఉన్నదా అని చూడడమూ వారిదే. ల్యాప్ చార్టు మాత్రం ఎత్తివేయలేదు. ఒక బల్ల, ఒక పెన్సిలు నేటికీ ఉన్నాయి.

యంత్రం ఎంత సూక్ష్మమైనా చివరి మాట మనుషుల నిబంధనదే అనడానికి పెద్ద పందేలలోను ఒక ఉదాహరణ ఉంది. 1997లో స్పెయిను దేశంలో హెరెత్ అనే చోట ఫార్ములా వన్ అర్హత పోటీలో విల్నెవ్, షూమాకర్, ఫ్రెంట్జెన్ అనే ముగ్గురు సరిగ్గా ఒకే కాలం తెచ్చారు: 1 నిమిషం 21.072 సెకండ్లు. వెయ్యవవంతు వరకూ చూచినా తేడా లేదు! ఆ కాలాన్ని ముందుగా సాధించినవాడికి ముందు స్థానం అనే నిబంధన ప్రకారం విల్నెవ్‌ను మొదట నిలబెట్టారు.

గుమాస్తా బ్రతుకు బ్రతికేవాణ్ణి గనుక ఈ కథలో నాకు మా ఆఫీసు కనిపించింది. హాజరుపట్టీ పోయి వేలిముద్ర యంత్రం వచ్చినప్పుడూ, లెడ్జరు పోయి కంప్యూటరు వచ్చినప్పుడూ రెండురకాల మనుషులను చూచాను. కొత్తదాన్ని ముట్టుకోనివారు ఒకరు. అది చెప్పిందే వేదమనేవారు ఇంకొకరు. ఆ చిన్న క్లబ్బువారు ఈ రెండింటిలోను పడలేదు. ఏడాదిపాటు రెండు లెక్కలూ ఓపికగా సరిచూచారు. జీతం తీసుకొనే కార్యాలయాలలో కూడా ఆ ఓపిక అరుదు. వారు సెలవుదినాలు ధారపోసి చేశారు.

మన సంఘాలన్నీ కూడా ఇటువంటి ఉచితసేవకులమీదనే నిలిచివున్నాయి. చందాల పుస్తకం వ్రాసేవారు, ఉగాదినాడు కుర్చీలు వేసేవారు, పిల్లల పోటీలలో మార్కులు కూడేవారు. వీరి పని కొత్త పద్ధతులలోకి మారేరోజు వచ్చింది, ఇంకా వస్తుంది. అప్పుడు కుర్రవాళ్ళు తెచ్చిన యంత్రాన్ని కాదనకుండా, పెద్దవాళ్ళ పెన్సిలును పారవేయకుండా, రెండింటినీ ఒక బల్లమీద పెట్టగలిగితే చాలు. కప్పు ఎవరికి పోయినా, న్యాయంగానే పోయిందని పిల్లవాడు నమ్మి ఇంటికి పోవాలి. ఏ పోటీకైనా ప్రాణం ఆ నమ్మకమే.

చెన్నపట్నం వచ్చే చదువరులు వీలుచేసుకొని ఒక ఆదివారం ఇరుంగాట్టుకోట్టై వెళ్ళి చూడండి. పోటీలున్న రోజేదో ముందు విచారించుకొని వెళ్ళాలి. ఎండకు గొడుగు, చెవులకు దూది మరువకండి. బండ్లను ఎలాగూ చూస్తారు. ఒక్కసారి తల ఎత్తి, టైమింగు గదివైపు కూడా చూడండి.