గాలిలో నీళ్లెన్ని? మిరప కల్లానికి ఒక గీతల లెక్క

కల్లంలో మిరప పోసిన ప్రతి రైతూ పొద్దున లేవగానే ఫోన్లో వాతావరణం చూస్తాడు. తేమ 90 శాతం అని కనపడితే గుండె గుబేలుమంటది. మధ్యాహ్నం అదే ఫోన్ 40 అని చూపిస్తే హమ్మయ్య అనుకుంటాం. అయితే అన్నలారా, ఆ రెండు అంకెల మధ్య గాలిలోని నీళ్లు ఒక్క చుక్క కూడా తగ్గి ఉండకపోవచ్చు. ఈ రోజు ఆ సంగతి చెప్తా. పోస్టు కొంచెం పొడుగే, చివర్లో డబ్బుల లెక్క కూడా ఉంది, ఓపికగా చదవండి.

శాతం అనేది గాలి ఎంత నిండిందో చెప్తుంది గానీ, అందులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పదు. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, చల్లగాలి తక్కువ పట్టుకుంటుంది. జనవరిలో ఒక పొద్దున మన ఆత్మకూరులో 18 డిగ్రీలు, తేమ 90 శాతం ఉందనుకోండి. అప్పుడు ఒక కిలో పొడిగాలికి 12 గ్రాముల నీళ్లు ఆవిరిగా ఉంటాయి. ఎండెక్కి 31 డిగ్రీలకు వస్తే అవే 12 గ్రాములు, శాతం మాత్రం 41కి దిగుతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, గాలికి దాహం పెరిగింది. మన కాయ ఆరేది ఆ దాహం వల్లే.

ఈ లెక్కంతా ఒక్క బొమ్మలో చూపించేదే సైక్రోమెట్రిక్ చార్ట్. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా కిలో గాలికి ఎన్ని గ్రాముల నీళ్లు, మధ్యలో వంపు తిరిగిన శాతం గీతలు. అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీరు 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్ఖానాకు తేమ అదుపు చేసే యంత్రం తయారు చేసినాడు. తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఏసీ కథ మొదలైంది అక్కడే. ఈ లెక్కల సూత్రాలను ఆయన 1911లో ఇంజినీర్ల సభ ముందు పెట్టినాడు. కాగితం కోసం పుట్టిన లెక్క కాయకు పనికిరాదా?

అచ్చువేసిన చార్టులు ఎక్కువగా సముద్రమట్టానికి గీసినవి. మనం దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి ఒత్తిడి 978 మిల్లీబార్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ చార్టు వాడితే గ్రాముల్లో మూడు నాలుగు శాతం తేడా వస్తుంది. అందుకే నేను పైథాన్‌లో సొంతంగా గీసుకుంటా. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ తెరిస్తే చాలు, కంప్యూటర్ అక్కర్లేదు.

కోడ్ చేసే పని మూడు మెట్లే. ఒకటి: ఉష్ణోగ్రతను 17.62తో గుణించి, ఉష్ణోగ్రతకు 243.12 కలిపిన మొత్తంతో భాగించి, దాని ఎక్స్‌పొనెన్షియల్‌ను 6.112తో గుణిస్తే, గాలి పూర్తిగా నిండినప్పుడు ఆవిరి ఒత్తిడి మిల్లీబార్లలో వస్తుంది. రెండు: దాన్ని తేమ శాతంతో గుణిస్తే ఇప్పుడున్న ఆవిరి ఒత్తిడి. మూడు: దాన్ని 622తో గుణించి, 978లోంచి ఆవిరి ఒత్తిడి తీసేసిన దానితో భాగిస్తే గ్రాములు. పది డిగ్రీల నుంచి అరవై వరకు ఇదే లెక్క తిప్పి, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో ఒక్కో శాతానికి ఒక్కో గీత గీయిస్తే చార్టు రెడీ. ఇంతకన్నా కచ్చితంగా కావాలంటే సైక్రోలిబ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది.

ఇంక కల్లంలోకి వద్దాం. నా చార్టులో 65 శాతం గీతకు ఎర్ర రంగు వేసినా. ఆ గీత దాటిన గాలిలో రోజుల తరబడి ఉంటే ఆరిన కాయ మళ్లీ తేమ పీలుస్తుంది, బూజుకు దారి అవుతుంది. పైన చెప్పిన 12 గ్రాముల గాలి ఎర్రగీత కిందికి వచ్చేది 23 డిగ్రీల దగ్గర. అంటే పొద్దున 23 దాటేదాకా కుప్ప పలచగా పరచొద్దు. సాయంత్రం మళ్లీ 23కి దిగేలోపే దగ్గరికి లాగి కప్పేయాలి. అదే గాలి డ్యూ పాయింట్ 16 డిగ్రీలు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పట్ట పైభాగం గాలి కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. గాలి 18 దగ్గర ఉన్నా పట్ట 16 కిందికి పోతుంది, నీళ్లు కడతాయి. పచ్చిగా ఉన్న కుప్పయితే కాయలోంచి వచ్చే ఆవిరి పట్ట లోపలి వైపు చెమటలా కారుతుంది. పొద్దున ఆ నీళ్లు కుప్ప మీద పడకుండా పట్ట తీయండి. ఎర్రకాయ తాలు కాయగా మారేది ఇట్లాంటి పొద్దులలోనే.

ఇప్పుడు డబ్బుల లెక్క. మా పక్క చేన్ల వాళ్లు నలుగురు కలిసి డ్రయర్ కొందామని బయల్దేరినారు. అమ్మేటాయన వంద కిలోల పచ్చికాయ పది గంటల్లో ఆరుతుందని చెప్పినాడు. ఫ్యాన్ సామర్థ్యం అడిగితే గంటకు 500 ఘనపు మీటర్లు. చార్టు తీసినాం. కాయలో 70 శాతం నీళ్లుండి 10 శాతానికి ఆరాలంటే వంద కిలోల్లోంచి దాదాపు 67 కిలోల నీళ్లు పోవాలి. మబ్బు రోజు 25 డిగ్రీలు, 90 శాతం గాలిని 55 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 18 శాతానికి దిగుతుంది, అంటే ముసురులో కూడా డ్రయర్ పనిచేస్తుంది. ఆ గాలి 40 డిగ్రీలతో బయటికి పోతే కిలోకు 6 గ్రాముల నీళ్లే మోసుకుపోతుంది. 67 కిలోలకు 11 వేల కిలోల గాలి, అంటే సుమారు 10 వేల ఘనపు మీటర్లు కావాలి. ఆ ఫ్యాన్‌కు అది 20 గంటల పని. చివర్లో కాయ నీళ్లు తొందరగా వదలదు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. మామూలు కాయిల్ హీటర్ అయితే వేడి ఏమాత్రం వృథా కాకున్నా 95 యూనిట్ల కరెంటు. ఈ అంకెలు ముందు పెడితే ఆయన దగ్గర జవాబు లేదు. మావాళ్లు అడ్వాన్సు జేబులోనే పెట్టుకొని వచ్చేసినారు.

తేమ మీటర్ కొన్నవాళ్లు దాన్ని ఊరికే నమ్మొద్దు. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చల్లి, మీటర్‌తో పాటు గాలి పోని డబ్బాలో రాత్రంతా పెట్టండి. పొద్దున 75 దగ్గర చూపాలి. 80 చూపిస్తే మీ మీటర్ 5 ఎక్కువ చెప్తోందని గుర్తు.

ఒక మాట మాత్రం మరిచిపోవద్దు. చార్టు గాలి సంగతి చెప్తుంది, కాయ సంగతి చెప్పదు. కాయ ఊపితే గింజ గలగలమంటుందా లేదా అన్నది మీ చెయ్యి, చెవి చెప్పాల్సిందే. డ్రయర్ కొనేవాళ్లు మాత్రం ఫ్యాన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్లని మొదట అడగండి. ఆ అంకె చెప్పలేనోళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు.