శనివారం కట్టిన డబ్బు

సీలేరు అనగానే చాలామందికి గుర్తొచ్చేది కరెంటు. ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. పైన ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ అని పిలిచే నదే కిందికొచ్చి సీలేరవుతుంది. దారి పొడుగునా కరెంటు పుట్టిస్తూ డొంకరాయి, మోతుగూడెం మీదుగా వెళ్లి శబరిలో కలుస్తుంది.

అక్కడ పుట్టిన కరెంటు కనురెప్పపాటులో మైదానానికి చేరిపోతుంది. మనిషి నర్సీపట్నం చేరాలంటే మాత్రం ఒక పూట గడిచిపోతుంది. ధారకొండ, గూడెం కొత్తవీధి, చింతపల్లి... వంద కిలోమీటర్లకు పైగా కొండదారి. వానాకాలంలో ఎక్కడ చెట్టు పడుతుందో, ఏ మలుపులో మట్టి జారుతుందో బస్సు డ్రైవరుకి కూడా తెలియదు.

ఆ దారిలో నెలకోసారి కిందికి దిగి వెళ్లే ఒకావిడ ఉంది. సీలేరులో చిన్న టిఫిన్ హోటలు నడుపుతుంది. నాలుగు బల్లలు, ఒక గ్యాసు పొయ్యి, తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బుకునే పిండి. సరుకులు తెచ్చుకోవడానికీ, సంతలకు తిరగడానికీ వాళ్లాయన నర్సీపట్నంలో ఫైనాన్సు మీద బండి తీసుకున్నాడు. అప్పుడే అక్కడి ఒక బ్యాంకులో ఆవిడ పేరున ఖాతా తెరిచారు. నెలకు 2,640 రూపాయల వాయిదా. ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు నుంచి దానంతటదే ఫైనాన్సు కంపెనీకి వెళ్లిపోయేలా కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఈ ఏర్పాటు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అప్పు, ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే దాన్ని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. అప్పిచ్చింది ఒకరు, ఖాతా మరొకరి దగ్గర ఉంటే నాచ్ అంటారు. అంతకుముందు ఈసీఎస్ అనేవారు. నాచ్‌ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. పేరేదైనా పని ఒక్కటే. చెప్పిన తేదీకి ఖాతాలో డబ్బుండాలి. లేకపోతే వాయిదా తిరిగెళ్లిపోతుంది, దాని వెనకే చార్జీ వస్తుంది. చాలామందికి తెలియని సంగతేమిటంటే ఆ చార్జీ ఒకటి కాదు, రెండు. డబ్బు లేదని తిప్పిపంపినందుకు ఖాతా ఉన్న బ్యాంకు ఒకటి వేస్తుంది. డబ్బు అందనందుకు అప్పిచ్చిన కంపెనీ ఇంకొకటి వేస్తుంది. జీఎస్టీ దాని మీద అదనం.

2021 సెప్టెంబరు 4, శనివారం. మర్నాటికి వాయిదా. చీకటితోనే బయల్దేరిన బస్సు మధ్యాహ్నానికి నర్సీపట్నం చేరింది. ఆవిడ నేరుగా బ్యాంకుకే వెళ్లింది. కౌంటరు ముందు జనం. లోపల కంప్యూటర్లు వెలుగుతున్నాయి కానీ పని జరగడం లేదు.

"లింకు పోయిందమ్మా. డబ్బిచ్చి వెళ్లు. రాగానే వేసేస్తాను" అన్నాడు క్యాషియరు.

"రేపే కట్ అవుద్ది బాబూ. ఈలోపల వస్తాదంటావా?"

"వచ్చేస్తుందిలే."

2,700 లెక్కపెట్టి ఇచ్చింది. చలానా ముక్క మీద తేదీ స్టాంపు వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ క్యాషియరు చెడ్డవాడేం కాదు. కౌంటర్లో ఒక్కడే ఉన్నాడు, ఎదురుగా శనివారపు రద్దీ. దూరం నుంచి వచ్చినావిడని ఉత్త చేతులతో తిప్పి పంపకూడదనే డబ్బు తీసుకున్నాడు. ఆవిడ రవ్వ, మినపప్పు, నూనె కొనుక్కుని సీలేరు బస్సెక్కేసింది. లింకు ఆ సాయంత్రం రాలేదు. డబ్బు ఖాతాలో ఎక్కింది సోమవారం పొద్దున.

వాయిదా మాత్రం ఆదివారమే వచ్చి, ఖాతాలో 150 రూపాయలే ఉండటం చూసి, తిరిగెళ్లిపోయింది.

అంతకు రెండు నెలల ముందయితే ఇదేమంత పెద్ద విషయం అయ్యేది కాదు. నాచ్ అప్పటిదాకా బ్యాంకులు పనిచేసే రోజుల్లోనే నడిచేది. ఆదివారం పడిన వాయిదా సోమవారానికి జరిగేది. 2021 ఆగస్టు 1 నుంచి రిజర్వు బ్యాంకు దాన్ని వారంలో ఏడు రోజులూ నడిపించడం మొదలుపెట్టింది. జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు సెలవు రోజున కూడా ఖాతాలో పడతాయి కదా అని అందరూ సంతోషించారు. నిజమే, సంతోషించాల్సిందే. అయితే తీసుకునే చెయ్యి కూడా ఆదివారం పనిచేస్తుందన్న సంగతి చాలామందికి చార్జీ పడ్డాకే తెలిసింది. బ్యాంకు కౌంటరుకి ఆదివారం సెలవు. రెండో శనివారం సెలవు, నాలుగో శనివారం సెలవు. నోట్లు పట్టుకుని వచ్చేవాళ్లకి ఆ కౌంటరే దిక్కు.

సోమవారం ఫోనుకి ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వచ్చింది. నర్సీపట్నంలో డిగ్రీ చదువుతున్న కొడుక్కి చూపించేదాకా అదేమిటో ఆవిడకి తెలియదు. బ్యాంకు చార్జీ 500, జీఎస్టీ 90, మొత్తం 590. ప్లేటు ఇడ్లీ ఇరవై రూపాయలు. ముప్పై ప్లేట్ల అమ్మకం. లాభం కాదు, అమ్మకం!

కొడుకు పాస్‌బుక్ అచ్చు వేయించుకుని చూస్తే మరో సంగతి బయటపడింది. పాత 150, ఇప్పుడెక్కిన 2,700 కలిపి 2,850. అందులోంచి 590 పోతే మిగిలింది 2,260. వాయిదా 2,640. అంటే తిరిగెళ్లిన వాయిదా రెండోసారి వచ్చినా చాలదు. మళ్లీ తిరిగెళ్తుంది, మళ్లీ 590! వాయిదా కోసం కట్టిన డబ్బునే చార్జీ తినేసింది. అతను మెస్సు డబ్బుల్లోంచి 400 తీసి మంగళవారం ఖాతాలో వేశాడు. బుధవారం వచ్చిన వాయిదా ఈసారి దాటింది. ఖాతాలో ఇరవై రూపాయలు మిగిలాయి.

ఈలోగా ఫైనాన్సు కంపెనీ తరఫున వసూళ్లు చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. తమ వైపు నుంచి కూడా 590 పడిందన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "ఇది చెక్కు బౌన్సు లాంటిదేనమ్మా. కేసయితే రెండేళ్లు లోపలుండాలి" అన్నాడు. ఆవిడకి ఆ రాత్రి నిద్ర లేదు. చట్టం ఉన్న మాట నిజమే. 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్లో ఆ శిక్ష ఉంది. కానీ ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందిన పదిహేను రోజుల్లోపు డబ్బు కట్టేస్తే నేరమే లేదు. మూడో రోజుకే చెల్లిపోయిన వాయిదాకి జైలు మాటెందుకు? భయపెడితే డబ్బు తొందరగా వస్తుందని, అంతే.

వినాయక చవితి వెళ్లాక, 13వ తేదీ సోమవారం ఆవిడ మళ్లీ బస్సెక్కింది. హోటలు ఒకరోజు మూత. చలానా ముక్కని మేనేజరు ముందు పెట్టింది.

"ఐదొందల తొంభై కోసం సీలేరు నుంచి వచ్చావా అమ్మా?"

"డబ్బులు సరే సార్. నాను కట్టలేదని రాసేసినారు. కట్టినాను కదా!"

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు, కంప్యూటర్లో చూశాడు. డబ్బు శనివారం ఇచ్చింది నిజమే కానీ ఎక్కింది సోమవారం అన్నాడు. చార్జీ తాము వేసేది కాదనీ, సిస్టమ్ వేస్తుందనీ, తమ చేతుల్లో ఏమీ లేదనీ చెప్పాడు. ఈ సిస్టమ్ అనే ఆయనకి ఏ బ్యాంకులోనూ కుర్చీ ఉండదు, పేరు బోర్డు ఉండదు. తప్పులన్నీ మాత్రం ఆయనవే!

వాదన చూస్తే చిన్నదే. స్టాంపు వేసి డబ్బు తీసుకున్న క్షణం నుంచి ఆ డబ్బు బాధ్యత బ్యాంకుది. దాన్ని ఎప్పుడు కంప్యూటర్లో ఎక్కించుకుంటారన్నది వాళ్ల ఇంటి సంగతి. లింకు పోవడం ఖాతాదారు తప్పెలా అవుతుంది? ఆవిడ దగ్గర డబ్బు లేకపోయి ఉంటే, లేదా మర్చిపోయి ఆలస్యంగా కట్టి ఉంటే, చార్జీని తప్పుపట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఖాతా తెరిచినప్పుడు ఒప్పుకున్న షరతే అది. ఇక్కడ ఆవిడ వైపు ఉన్నది అరచేతిలో పట్టే ఒక కాగితం ముక్క. బస్సులో తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టుకుని తెచ్చింది.

కొడుకు ఆరోజే తెలుగులో ఉత్తరం రాశాడు. తేదీలు, అంకెలు, చలానా జిరాక్సు. దండాలు, బతిమాలడాలు లేవు. రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు స్టాంపు అడిగాడు. "మేనేజరుగారే తీసుకున్నాక స్టాంపెందుకు?" అన్నారు కౌంటర్లో. అతను కదల్లేదు. పావుగంట నిలబడ్డాక స్టాంపు పడింది.

నెల గడిచింది. జవాబు లేదు. ఆవిడ వాళ్లాయన వదిలెయ్యమన్నాడు. బస్సు చార్జీలకీ హోటలు మూసిన రోజుకీ లెక్కేస్తే చార్జీ కంటే ఎక్కువే పోయిందన్నాడు. ఆ లెక్క తప్పేం కాదు. బ్యాంకు చార్జీల మీద పోట్లాటలు సగం ఇక్కడే ఆగిపోతాయి.

కొడుకు ఆగకపోవడానికి వేరే కారణం ఉంది. డిగ్రీ అయ్యాక బీఈడీ చెయ్యాలని అతని ఆలోచన. చదువు అప్పు తీసుకుంటే పక్కన తల్లి సంతకం కావాలి. ఆవిడ పేరు మీద వాయిదా ఎగ్గొట్టినట్టు మచ్చ పడితే? సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికి ఒక్కసారైనా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్నేహితుడి ఫోనులో దాన్ని తీసి చూశాడు. నెలకో గడి, గడిలో ఎన్నిరోజుల ఆలస్యమో అంకె. సెప్టెంబరు గడిలో మూడు సున్నాలున్నాయి. నెలాఖరులోపే వాయిదా చెల్లడంతో మచ్చ పడలేదు. అయినా ఇంకోసారి ఇలాగే జరిగితే చూపించడానికి ఏదో ఒక కాగితం ఉండాలనుకున్నాడు.

నవంబరు 12న రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకాన్ని ప్రధాని ప్రారంభించారు. మర్నాడు పేపర్లో ఆ వార్త చదివాడు. బ్యాంకుకు ముందు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. సోమవారం బ్యాంకుకి రెండో ఉత్తరం ఇచ్చాడు. మొదటి ఉత్తరం ముట్టిన తేదీ ఇది, నెలదాటి ఇన్ని రోజులైంది, ఇక అంబుడ్స్‌మన్‌కి పంపుతున్నాం అన్నవి మూడే ముక్కలు.

ఆ వారంలోనే ఫోనొచ్చింది. 590 ఖాతాలో తిరిగి పడింది.

అసలు కష్టం ఆ తరవాతే మొదలైంది. ఫైనాన్సు కంపెనీ వేసిన 590 సంగతేమిటి? వాళ్లు చెప్పేదీ న్యాయంగానే ఉంది. తమకు ఆ రోజు డబ్బు అందలేదు, తప్పెవరిదైతే వాళ్లనడగండి అన్నారు. జమ ఆలస్యం తమ శాఖలోనే జరిగిందని బ్యాంకు ఒక ఉత్తరం ఇస్తే చార్జీ తీసేస్తామన్నారు. డబ్బు వెనక్కివ్వడానికి ఒప్పుకున్న మేనేజరు ఆ ఒక్క వాక్యం రాసివ్వడానికి నాలుగు వారాలు తిప్పించాడు. పై ఆఫీసును అడగాలన్నాడు, సెలవులో వెళ్లాడు, నోటితో చెబుతాను కదా అన్నాడు. డబ్బు బ్యాంకుది. తప్పయిందన్న మాట మాత్రం ఎవరో ఒక మనిషి సంతకంతో రావాలి. చివరికి డిసెంబరులో, బ్యాంకు కాగితం మీద రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. జనవరి వాయిదాలో రెండో 590 తగ్గింది.

వాయిదా తేదీని 10కి మార్చమని అడిగితే ఫైనాన్సు కంపెనీ కుదరదంది. దాంతో ఆవిడ డబ్బు కట్టే రోజునే ముందుకు జరుపుకుంది. కొన్నాళ్లకి హోటలు గల్లాపెట్టె పక్కన క్యూఆర్ స్టిక్కరు అంటించుకున్నారు. ప్రాజెక్టు ఉద్యోగులు, దారిన పోయే లారీలవాళ్లు ఫోనుతో ఇచ్చే డబ్బు ఆదివారమైనా సరే ఖాతాలోకే వెళ్తుంది, సిగ్నల్ ఉంటే. సీలేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక ఆవిడ ఊరొక జిల్లా, ఖాతా ఒక జిల్లా.

నిబంధనలూ కొంత కదిలాయి. అప్పుల రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచెయ్యాలని, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అంబుడ్స్‌మన్‌కి ఎలా రాయాలో తెలుసుకోవడానికి 14448 నంబరుంది.

బండి అప్పు 2023లో తీరింది. ఫైనాన్సు కంపెనీ నో డ్యూస్ కాగితం ఇచ్చింది. అప్పు తీరినా ఆ పాత సంతకం దానంతటది చచ్చిపోదు. రద్దు చెయ్యమని చెప్పేదాకా అలాగే ఉండిపోవచ్చు. రద్దయ్యాక కూడా డబ్బు పోతే దానికి ఖాతా ఉన్న బ్యాంకుదే బాధ్యత, మర్నాటికల్లా సరిచెయ్యాలి అని 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశంలో ఉంది. కొడుకు ఆ ఏడాది సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లే ముందే బ్యాంకుకి వెళ్లి రద్దు ఉత్తరం ఇచ్చాడు. రెండో కాపీ చాచాడు. కౌంటర్లో ఎందుకని ఎవరూ అడగలేదు, స్టాంపు వేసి ఇచ్చారు.