నీటిలో పడిన వేట

అరబీ మదరసాలలో బోధించే ధర్మశాస్త్ర గ్రంథాలలో 'హిదాయా'కు విశిష్ట స్థానముంది. ఇమామ్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్) రచించిన ఆ గ్రంథంలో వేటకు సంబంధించిన నియమాల కోసం 'కితాబుస్సైద్' అనే అధ్యాయం ప్రత్యేకంగా ఉంది. ఇరవై ఆరేళ్ళుగా నేను ఆ అధ్యాయాన్ని విద్యార్థులకు బోధిస్తున్నాను. వేటకుక్కను వదిలేటప్పుడు, బాణం విడిచేటప్పుడు ఏమి పలకాలి? దెబ్బతిన్న జంతువు కొండమీది నుంచి దొర్లిపడితే, నీటిలో పడి చనిపోతే దాని మాంసం ధర్మసమ్మతమా, కాదా? ఈ ప్రశ్నలకు సమాధానాలు నాకు కంఠస్థం. కానీ యాభై నాలుగేళ్ళ జీవితంలో నేను ఒక్క వేటనైనా కళ్ళారా చూసి ఎరుగను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత మన దేశంలో వన్యమృగాల వేట క్రమంగా నేరమైంది. అందువల్ల ఆ అధ్యాయం మాకు పుస్తకంలో చదివి, పరీక్షలో రాసే విషయంగానే మిగిలిపోయింది.

గత సెప్టెంబరులో అల్లాహ్ ఆ అధ్యాయాన్ని నా కళ్ళెదుట తెరిచాడు. దానితోపాటు నా మనసులోని ఒక లోపాన్ని కూడా తెరిచి చూపించాడు. పాఠకులతో పంచుకోదలచింది ఆ రెండవ విషయమే.

మా అబ్బాయిని చూడటానికి అమెరికాలోని సియాటిల్ వెళ్ళాను. నా బాల్యమిత్రుడొకరు అలాస్కా రాష్ట్రంలోని ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణంలో చాలా ఏళ్ళుగా ఇంజనీరుగా పనిచేస్తున్నారు. కర్నూలు జిల్లాలోని మా ఊళ్ళో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే వీధిలో ఉండేవి. ఆయన తండ్రి ఊరి ఖసాబు. నేను మదరసాకు వెళ్ళాను, ఆయన కళాశాలకు వెళ్ళారు. ఇంతదూరం వచ్చి తనను చూడకుండా తిరిగిపోతే ప్రళయదినాన నా కొంగు పట్టుకుంటానని ఫోనులో బెదిరించారు. నేను విమానమెక్కాను.

ఆర్కిటిక్ వలయానికి రెండు వందల కిలోమీటర్ల లోపే ఉన్న ఊరది. అక్కడ సెప్టెంబరు నెల మూస్ వేటకు కాలం. దుప్పి జాతులన్నిటిలోకీ పెద్దది మూస్. భుజం దగ్గర మనిషి ఎత్తు ఉంటుంది. గొంతు కింద చర్మం సంచిలా వేలాడుతుంది. మగదానికి మాత్రమే చేటల్లా విశాలమైన కొమ్ములుంటాయి. అవి ఏటా శీతకాలంలో రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. బాగా ఎదిగిన మగ మూస్ ఏడు వందల కిలోల వరకూ తూగుతుంది. అంతటి జంతువు నుంచి రెండు వందల కిలోలకు పైగా మాంసం వస్తుంది. ఒక కుటుంబానికి అది శీతకాలమంతటికీ సరిపోయే ఆహారం.

వేట పేరు వినగానే నేను కొంత సంకోచించాను. వేట వెంట పరుగులు తీసేవాడు పరధ్యానంలో పడిపోతాడన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరిక నాకు గుర్తుంది. ఆ మాటే అన్నాను.

"వినోదం కోసం కాదు మౌలానా! చట్టం ఏడాదికి ఒక్కదాన్నే అనుమతిస్తుంది. దాన్ని ఇంటిల్లిపాదీ తింటాం. హలాల్ మాంసం ఎక్కడి నుంచో తెప్పించుకునే మాకు ఇది అల్లాహ్ ఇచ్చిన ఉపాధి. నువ్వు తుపాకీ ముట్టుకోవద్దు. పక్కన కూర్చుని నేను చేసేది సరిగా ఉందో లేదో చూడు చాలు" అన్నారాయన.

తూటా గురించి కూడా ముందే మాట్లాడుకున్నాం. మొనతో గాయపరిచిన వేట తినవచ్చు, బరువు దెబ్బతో చనిపోయినది తినరాదు అన్నది హదీసులలోని నియమం. తుపాకీ తూటా ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్న విషయంలో పండితులు భిన్నాభిప్రాయం వ్యక్తపరిచారు. మా హనఫీ గురువులు అనేకులు, తూటా తగిలిన జంతువును ప్రాణం ఉండగానే అందుకుని జబహ్ చేస్తేనే హలాల్ అన్నారు. ఈ కాలపు పండితులు పలువురు, మొనదేలిన తూటా బాణంతో సమానమన్నారు. నా మిత్రుడు ఈ రెండవ అభిప్రాయాన్ని అనుసరిస్తారు. అయినా నా మాట మన్నించి, ఈసారి పరుగున వెళ్ళి జబహ్ చేద్దామని ఒప్పుకున్నారు. తన తండ్రి వాడిన కత్తిని పదును పెట్టి నడుముకు కట్టుకున్నారు.

నెనానా అనే చిన్న ఊరి దగ్గర పడవను టనానా నదిలోకి దింపాం. మంచుకొండల నుంచి కరిగి వచ్చే ఆ నీరు బూడిదరంగులో ఉంటుంది. కొట్టుకొచ్చే దుంగలను తప్పించుకుంటూ కొన్ని గంటలు ప్రయాణించి, ఒక పక్కపాయలోకి మళ్ళాం. గట్టున గుడారం వేసుకున్నాం. రెండు ఒడ్డులా బర్చ్ చెట్ల ఆకులు పసుపుపచ్చగా పండి రాలుతున్నాయి. మనుషుల అలికిడి లేదు. ఫజ్ర్ వేళ వుజూ చేస్తుంటే వేళ్ళు కొయ్యబారిపోయేవి. మన దేశంలో పడమటికి తిరిగి నమాజు చేసే నేను, అక్కడ దాదాపు ఉత్తరానికి తిరిగి నిలబడ్డాను. భూమికి అంతగా ఆవలి వైపున్నా కాబా వైపు ఒక దిశ ఉంటుంది కదా అనుకున్నాను.

మూడు రోజులు ఏమీ కనబడలేదు. మిత్రుడు చేతులు దోసిలిగా నోటికి పెట్టుకుని ఆడ మూస్‌లా దీర్ఘంగా మూలిగేవారు. ఎండిన ఎముకతో విల్లో పొదలను రాపాడించి, మరో మగ జంతువు కొమ్ములు రుద్దుతున్నట్టు చప్పుడు చేసేవారు. నాలుగవ నాడు తెల్లవారిన కాసేపటికి ఎదురుగట్టున పొదలు కదిలాయి. పొగమంచులోంచి అది బయటికి వచ్చి నిలబడింది. సుబ్‌హానల్లాహ్! ఆ సృష్టిని చూసి నా నోట మాట రాలేదు.

నేను కాల్చమన్నట్టు ఆయన భుజం తట్టాను. ఆయన కాల్చలేదు. దూరదర్శిని కంటికి పెట్టుకుని కొమ్ములు పరిశీలించసాగారు. ఆ ప్రాంతపు నియమం ప్రకారం కొమ్ముల విస్తీర్ణం 50 అంగుళాలైనా ఉండాలి, లేదా నుదుటి వైపు కొమ్మలు నిర్ణీత సంఖ్యలో ఉండాలి. పొరబడితే నేరం. చూసేవారెవరూ లేని ఆ అడవిలో ఆయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఆ తరువాతే "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అని స్పష్టంగా పలికి కాల్చారు.

జంతువు పడలేదు. ఒక్క క్షణం నిలబడి, తల తిప్పి, నాలుగడుగులు వేసి పాయలోకి దిగింది. నడుము లోతు నీటిలో కూలిపోయింది. మేము పడవ వేసుకుని వెళ్ళేసరికి దాని ముఖం నీళ్ళలో మునిగి ఉంది. చలనం లేదు. కత్తి మిత్రుని చేతిలో అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి ఆయన అడిగారు. "మౌలానా, చెప్పు."

ఏమి చెప్పాలో నాకు తెలుసు. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజియల్లాహు అన్హు) వేట గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానాన్ని బుఖారీ, ముస్లిం ఇద్దరూ ఉల్లేఖించారు. బాణం తగిలిన వేట నీటిలో పడి చనిపోతే తినవద్దన్నారు. చంపింది బాణమో నీరో నీకు తెలియదు కాబట్టి అని కారణం కూడా వివరించారు. ఇంతకంటే స్పష్టత ఏం కావాలి?

కానీ నా నాలుక కదలలేదు. మిత్రుని సెలవులు, ఖర్చు, నాలుగు రోజుల చలి, ఆయన పిల్లల శీతకాలపు ఆహారం నా కళ్ళముందు మెదిలాయి. నేను ఆయన అతిథిని, ఆయన ఉప్పు తిన్నవాణ్ణి. నా బుద్ధి చకచకా దారులు వెదకసాగింది. తూటా ఊపిరితిత్తులకే తగిలి ఉంటుంది. గాయం ప్రాణాంతకమని నిశ్చయమైతే నీటివల్ల దోషం లేదన్న పండితులున్నారు కదా! ఇరవై ఆరేళ్ళు సంపాదించిన విద్య అంతా ఆ క్షణాన నా కోరికకు వకాల్తా పుచ్చుకుంది.

"భాయ్, ఒక అభిప్రాయం ఉంది..." అని మొదలుపెట్టాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "అభిప్రాయం సంగతి తరువాత. నీ క్లాసులో పిల్లవాడు ఇదే అడిగితే ఏం చెప్తావు?"

నేను తల దించుకుని హదీసు వినిపించాను.

"అంతే కదా" అన్నారాయన. చొక్కా చేతులు పైకి మడిచి, "ఇక పని మొదలుపెడదాం" అన్నారు.

తినలేనిదానికి ఇంకా పనేమిటని అడిగాను. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం అలాస్కాలో నేరమని ఆయన చెప్పారు. కాళ్ళు, పక్కటెముకలు, మెడ, వెన్ను, అన్నిటి మాంసమూ బయటికి తేవాలి. లైసెన్సు తీసుకున్ననాడే దానికి ఒప్పుకున్నట్టు లెక్క. నాకు మాయిదా సూరా జ్ఞాపకం వచ్చింది. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతో ఆ సూరా ప్రారంభమవుతుంది. ఆ మొదటి వాక్యంలోనే వేట ప్రస్తావన కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో ఆ రోజు నా చేతులతో చదువుకున్నాను.

తాళ్ళు కట్టి దాన్ని గట్టుకు లాగడానికే మధ్యాహ్నమైంది. ఖసాబు కొడుకు చేతికి తండ్రి పనితనం తిరిగి వచ్చింది. నేను కాళ్ళు పట్టుకున్నాను, గుడ్డసంచులు విప్పి అందించాను. ఒక్కొక్క వెనుకకాలు యాభై కిలోలకు పైనే ఉంటుంది. ఇసుకదిబ్బ మీద జుహ్ర్, అస్ర్ నమాజులు చేశాం. మాంసం వాసనకు ఎలుగుబంట్లు వస్తాయని సంచులను గుడారానికి దూరంగా వేలాడదీసేసరికి చీకటి పడింది. తన నోటికి అందని అన్నం కోసం ఒక మనిషి అంత శ్రద్ధగా శ్రమించడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు నెనానాలో, ఆ ప్రాంతపు మూలవాసులైన అథబాస్కన్ ప్రజలకు చెందిన ఒక పెద్దాయనకు మాంసమంతా అప్పగించాం. వేటమాంసం అమ్మడం అక్కడి చట్టం ప్రకారం నేరం, హలాల్ కాని ఇలాంటి మాంసాన్ని అమ్మడం మన షరీఅత్ ప్రకారం కూడా తగదు. ఇవ్వడానికి మాత్రం ఒక పత్రం రాసిస్తే చాలు. మేమెందుకు తినడం లేదో మిత్రుడు దాచకుండా చెప్పారు. ఆ వృద్ధుడు నవ్వలేదు. జంతువు విషయంలో చేయకూడనివి తమ పెద్దలు కూడా ఎన్నో చెప్పేవారన్నాడు.

ఇంటికి చేరాక మిత్రుని సతీమణి ఖాళీ పెట్టెలను చూసి సంగతి అడిగారు. విని "అల్‌హమ్దులిల్లాహ్" అన్నారు. ఆ రాత్రి మాకు కందిపప్పు, మామిడికాయ ఊరగాయ వడ్డించారు. ఆ ఏటికి ఆయన వేట ముగిసింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. రెండేళ్ళ క్రితం మా మదరసాకు వచ్చిన ఒక కూలీ గుర్తుకు వచ్చాడు. ఆయన మేకను రోడ్డు మీద ఆటో గుద్దింది. ఆదరాబాదరా జబహ్ చేశాడు. అప్పటికి దానిలో ప్రాణముందో లేదో తెలియదు. కదిలిందా, రక్తం ప్రవహించిందా అని రెండు ప్రశ్నలు అడిగాను. గట్టిగా చెప్పలేకపోయాడు. "తినవద్దు, పారేయి" అని పుస్తకంలోకి తల దించాను. తీర్పు సరైనదే. కానీ ఆయన్ను కూర్చోమనలేదు. ఎన్ని మేకలున్నాయని అడగలేదు. ఆయన కోసం నా బుద్ధి ఒక్క దారినీ వెదకలేదు. మిత్రుడు అడిగేసరికి అదే బుద్ధికి గ్రంథాలన్నీ గుర్తుకు వచ్చాయి!

సోదర సోదరీమణులారా! హలాల్ స్పష్టమైనది, హరామ్ స్పష్టమైనది, వాటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ సందేహాలు అడవిలోనే ఎదురుకావు. అక్కచెల్లెళ్ళకు చెందవలసిన వారసత్వపు వాటా మన ఇంట్లోనే ఉండిపోయినప్పుడు, దుకాణంలో సరుకు లోపం చెప్పకుండా అమ్మినప్పుడు మనమూ నీటిలో పడిన వేట ముందే నిలబడతాం. అప్పుడు మనకు కావలసిన అభిప్రాయం ఎక్కడుందా అని వెదకడం మొదలుపెడతాం. ఎదుటివారి విషయంలో మాత్రం మనకు క్షణంలో తీర్పు దొరుకుతుంది.

స్వదేశానికి తిరిగి వచ్చిన వారంలోనే ఆ కూలీ ఇల్లు వెదుక్కుంటూ వెళ్ళాను. ఆయనకు సంగతి గుర్తుంది. అది బక్రీదుకు అమ్ముకుందామని పెంచిన మేకట. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. "మీరు చెప్పారు కదా మౌల్వీ సాబ్, గొయ్యి తీసి పూడ్చేశాం" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఆనాడు కూర్చోమని కూడా అననందుకు క్షమించమని అడిగాను. కంగారుపడి, లోపలికి కేకేసి టీ పెట్టించాడు. ఆ ఇంటి చాప మీద మగ్రిబ్ వరకూ కూర్చున్నాను.

తన ధర్మాన్ని ముందుగా మన కోసమూ, దయను ముందుగా ఇతరుల కోసమూ ఉపయోగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.