పింఛను డబ్బులు ఎవరి దగ్గరుంటాయి?

పుల్లలచెరువులో ఒకటో తేదీ దాటిందంటే నా దగ్గరకొచ్చే పెద్దవాళ్ల సంఖ్య పెరుగుతుంది. మోకాళ్ల నొప్పి ఇరవయ్యో తేదీ నుంచీ ఉంటుంది. కళ్లు తిరగడం అంతకుముందే మొదలై ఉంటుంది. ఆటో చార్జీ చేతిలో పడేదాకా ఓర్చుకుంటారు, అంతే. నల్లమల అంచున వానమీద బతికే ఊళ్లివి. మిరప, పత్తి, కంది చేతికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వయసు పిల్లలు బేల్దారి పనులకు హైదరాబాదో బెంగళూరో పోతారు. ఇంటి దగ్గర ముసలివాళ్లుంటారు. ఆ ఇళ్లకు నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు పింఛను ఒక్కటే. ఒకప్పుడది 75 రూపాయలు. 2014 అక్టోబరులో 200 నుంచి 1000కి పెరిగింది. ఆ తర్వాత అంచెలంచెలుగా పెరిగి 2024 జులై నుంచి 4000 అయింది, గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు.

ఇక్కడ వైద్యం చేస్తూ నేర్చుకున్నదొకటి చెబుతాను. అరవై దాటిన మనిషిని బీపీ, షుగరు అడిగినట్టే డబ్బు సంగతీ అడగాలి. ఎంత వస్తుందన్నది రెండో ప్రశ్న. ఎవరి దగ్గరుంటుందన్నది మొదటి ప్రశ్న. కిందివన్నీ నేను చూసినవే, మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

డెబ్బై దాటిన ఒకామెకు ఎన్నిసార్లు చూసినా బీపీ 190కి తగ్గడం లేదు. మాత్రలు ఉచితంగా ఇచ్చేవే. "రోజూ ఏసుకుంటున్నావా అవ్వా?" అంటే తల ఊపుతుంది. కోడలు బయటికెళ్లాక మెల్లగా అడిగితే అసలు సంగతి చెప్పింది. రోజు విడిచి రోజు వేసుకుంటోంది. "అయిపోతే మళ్లీ రావాల గదా సార్, ఆటోకు పోనూ రానూ డబ్బులు." అలాగని చేతిలో డబ్బు లేదా అంటే, ఉంది. 2024 జులై ఒకటిన పాత మూడు నెలల తేడాతో కలిపి ఇచ్చిన 7000లో ఒక్క నోటూ మార్చలేదట. "నేను సచ్చినాక నా దినాలకు కొడుకులు అప్పు చేయకూడదు. ఊరందరికీ కూడు పెట్టాల."

ఆ మాటకు అడ్డు చెప్పే హక్కు నాకు లేదనిపించింది. భర్త కర్మలకు తెచ్చిన అప్పును కూలికి పోయి తీర్చిన మనిషి ఆమె. చావు ఖర్చు తనే పెట్టుకోవాలన్న పంతం ఆమెకు మిగిలిన గౌరవం. పొదుపు మానమని చెబితే నా దగ్గరికి రావడమే మానేస్తుంది. అందుకే దాని జోలికి పోలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడితే బెంగళూరులో ఉన్న కొడుకు పని మానుకుని రావాలని, దాచిన డబ్బు గుంటూరు ఆసుపత్రి దారిలోనే అయిపోతుందని చెప్పాను. ఆ లెక్క ఆమెకు వెంటనే అర్థమైంది. రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చి, ఆశా కార్యకర్తను మధ్యలో ఒకసారి చూసి రమ్మన్నాను. ఇప్పుడు బీపీ 150 దగ్గరుంది. దాచిన డబ్బు అలాగే ఉంది.

ఇంకో పెద్దాయన కాలి పుండుతో వచ్చాడు. షుగరు. బొటనవేలు నల్లబడిపోయింది. మూడు వారాల నుంచీ ఉన్న పుండు. మార్కాపురం ఆసుపత్రికి పోవడానికి ఇద్దరు కొడుకుల్లో ఎవర్నీ డబ్బడగలేదు. ఉన్న నాలుగెకరాలూ ఇద్దరికీ రాసిచ్చేశాడు. పింఛను ఆయన వేలిముద్రతోనే వస్తుంది, ఇంట్లో ఖర్చయిపోతుంది. "ఇచ్చిన చెయ్యి మళ్లీ యెట్ల చాపాల సార్?" అన్నాడు. వేలు తీసేయక తప్పలేదు.

ఇలాంటివాళ్ల కోసం 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. మమ్మల్ని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిస్తే, చూడనప్పుడు 23వ సెక్షను కింద ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. ఆ షరతు కాగితం మీద ఉంటే మంచిదన్నది మా ఊళ్లల్లో చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ రోజు దాన్ని రాయించమని అడగడానికి తండ్రికి మొహమాటం, అడిగితే కొడుక్కి రోషం. కాలి పుండుతో వచ్చిన ఆ పెద్దాయన అర్జీ పెట్టనన్నాడు. కొడుకు మీద కాగితం పెట్టి ఊళ్లో తిరగలేనన్నాడు. నేను పెద్దకొడుకుతో ఫోనులో మాట్లాడాను. చెడ్డవాడేం కాదు, తండ్రి చేతిలో పైసా లేదన్న సంగతే అతనికి తట్టలేదు. పింఛను తండ్రి దగ్గరే ఉండేట్టు మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన షుగరు పరీక్షకు ఎవరూ తోడు లేకుండా వస్తున్నాడు. మనవరాలికి బిస్కెట్ పొట్లం కొనుక్కుని మరీ వెళ్తాడు. నడకలో కుంటు ఉంది గానీ మాటలో బెరుకు పోయింది.

పింఛనులో కొంత నొప్పి సూదులకు పోతుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి బిగుసుకుపోయిన కీళ్లు పశ్చిమ ప్రకాశంలో ఎన్ని చూశానో. సూది వేయించుకున్న రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఆ మందులు నెలలకొద్దీ వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇదీ డబ్బు సంగతి అడిగితేనే బయటపడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన ఫిర్యాదు ఇంకొకటుంది: "నా డబ్బులు కోడలు తీస్తోంది." నిజంగా తీసే ఇళ్లూ ఉన్నాయి, కాదనను. కానీ జీవితమంతా చిల్లరకొట్టు నడిపి నోటి లెక్కలో ఎవరికీ తీసిపోని ఒక మనిషి, యాభై ఇవ్వాల్సిన చోట అయిదొందల నోటిచ్చి, సాయంత్రానికి దొంగతనమని ఇల్లు అదరగొట్టాడు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే రెండో అంకె దగ్గరే ఆగిపోయాడు. మతిమరుపు జబ్బు మొదలైంది. ఈ జబ్బు తొలిరోజుల్లోనే డబ్బు లెక్క తప్పుతుంది. జబ్బు బయటపడటానికి ఆరేళ్ల ముందు నుంచే కొందరిలో కట్టాల్సిన బిల్లులు తప్పిపోవడం కనిపించిందని అమెరికాలో 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆయనది జబ్బని చెప్పగానే కోడలు ఏడ్చేసింది. ఎన్నాళ్లుగా దొంగ అనిపించుకుందో పాపం. పెద్ద మొత్తాలు ఆమెను చూసుకోమన్నాను, పది, ఇరవై నోట్లు మాత్రం ఆయన జేబులోనే ఉంచమన్నాను. జేబు తడుముకుంటే డబ్బు తగలాలి, అప్పుడే ఆయన నెమ్మదిగా ఉంటాడు. కొందరు పెద్దవాళ్లు అన్నీ ఉండి కూడా "మనం బికారులమైపోయాం" అని తిండి మానేస్తారు. అది పిసినారితనం అనుకోవద్దు. తీవ్రమైన డిప్రెషన్‌లో అలా జరుగుతుంది, మందులతో తగ్గుతుంది.

తోటి డాక్టర్లను ఒకటి కోరతాను. తోడొచ్చిన వాళ్లను ఒక్క నిమిషం బయట కూర్చోమని, పెద్దమనిషిని డబ్బు ఎవరి దగ్గరుంటుందని అడగండి. ఊరు విడిచి పనులకెళ్లిన బిడ్డలారా, అమ్మకో నాయనకో ఫోను చేసినప్పుడు పింఛను వాళ్ల చేతిలోనే ఉందా అని అడగండి. ఇంట్లో చెప్పుకోలేని పెద్దవాళ్లకు 14567 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ఆ ఫోనుకు డబ్బు పట్టదు.