ఒక్కకాడ పడ్డ బాణాలు

డల్లాస్ నుంచి మా బావ తెచ్చిన విల్లును నాయిన మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని చక్రాలను చూడలేదు, తాళ్లను చూడలేదు. పిడికి కొంచెం పైన గుండ్రటి చట్రం ఒకటి ఉంటుంది. దాని అడుగున చిటికెన వేలంత గాజు గొట్టం, అందులో పసుపుపచ్చ ద్రవం, మధ్యలో ఒక బుడగ. ఆయన దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "దీనికి రసమట్టమెందుకు బిడ్డా?" అన్నాడు.

నాయిన తాపీ మేస్త్రీ. హుజూరాబాద్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ముప్పయ్యేళ్లకు పైగా గోడలు లేపిన మనిషి. మా ఇంట్లో 'సైట్' అంటే ఆయన పొద్దున్నే సద్ది కట్టుకుని పోయే చోటు. విల్లుకు బిగించిన ఆ చట్రాన్ని కూడా సైట్ అనే అంటారని చెబితే చాలాసేపు నవ్వాడు. చట్రంలో అడ్డంగా నిలబడ్డ ఐదు సన్నటి పిన్నులకు ఆయన పెట్టిన పేరు సూదులు. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను.

అది వేట విల్లు. బావ అక్కడ జింకల సీజన్‌లో లైసెన్సు తీసుకుని అడవికి పోయేవాడు. రెండేళ్లు పోయాక బోర్ కొట్టిందో, అక్క ఊరుకోలేదో, మొత్తానికి అది గరాజ్‌లో పడి ఉందట. "నువ్వు చిన్నప్పుడు బాణాలు కొట్టేదానివి గదా" అని నాకు తెచ్చిచ్చాడు. మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం సరదా వేటకు అనుమతి లేదు. నాకు జింకతో పని కూడా లేదు. నా పని అట్టకు అంటించిన ఒక పసుపు చుక్కతో.

చిన్నప్పుడు బాణాలు కొట్టిన మాట నిజమే. మానేసిన మాట కూడా నిజమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

*

కాంపౌండ్ విల్లును అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ తయారుచేశాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, 1969లో అది వచ్చింది. మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువు. పూర్తిగా లాగినచోటే అన్నిటికంటే ఎక్కువ బరువు, అంటే గురి చూడాల్సిన క్షణంలోనే చేయి వణుకుతుంది. అలెన్ చేసిన పని, విల్లు కొసలకు ఇరుసు పక్కకు జరిగిన చక్రాలు పెట్టడం. లాగుతుంటే బరువు మొదట పెరుగుతుంది, చివర్లో చక్రం తిరిగి ఒక్కసారిగా పడిపోతుంది. బావ విల్లును అలెన్ రెంచితో వదులుచేసి 40 పౌండ్లకు తెచ్చుకున్నాం. పూర్తిగా లాగి పట్టినప్పుడు నా వేళ్ల మీద ఉండేది దాదాపు 10 పౌండ్లే. నాలుగున్నర కిలోలు. బియ్యం సంచి మోసిన చేతికి అదో లెక్క కాదు.

బరువు తగ్గితే తీరిక దొరుకుతుంది. తీరిక దొరికితే కంటికి పని పెరుగుతుంది. అందుకేనేమో ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లుగా చూసిన రికర్వ్ విల్లుకు లేని కంటి సాయాలన్నీ దీనికి ఉన్నాయి. పోటీల్లో రికర్వ్ వాళ్లకు తాడులో కన్నం పెట్టుకోవడానికి లేదు, భూతద్దం పెట్టుకోవడానికి లేదు. కాంపౌండ్ వాళ్లకు రెండూ ఉన్నాయి, పైగా రసమట్టం. అన్నీ ఉన్నాయి కాబట్టే ఇక్కడ తప్పుకు క్షమాపణ తక్కువ. 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల అట్ట, అందులో పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్‌లో 150కి 149 కొట్టింది. పదిహేను బాణాల్లో ఒక్కటే తొమ్మిది. ఆ మ్యాచ్ ఫోన్‌లో చూస్తూ నేను చూసింది ఆమె ముఖాన్ని కాదు, ఆమె సైట్‌ని. ఒక్కటే గుండ్రటి అద్దం, మధ్యలో ఒక్కటే చుక్క.

నా దగ్గరున్నది ఐదు సూదుల సైట్. వేటగాడికి జింక ఎంత దూరంలో నిలబడుతుందో ముందు తెలియదు. స్క్రూ తిప్పుకునేదాకా అది ఆగదు. అందుకని ఒక్కో దూరానికి ఒక్కో సూదిని ముందే కుదిర్చి పెట్టుకుంటాడు. పైది దగ్గరి దూరానికి, కిందికి పోయేకొద్దీ ఎక్కువ దూరానికి. సూదుల కొసన వెలుగును పట్టి మెరిసే ఫైబర్ పోగులుంటాయి, తెల్లవారుజామునా మునిమాపునా కనబడాలని. ఆ కారణంతోనే తాడు పోగుల మధ్య దూర్చే పీప్ అనే చిన్న రింగుకు కూడా వేటగాళ్లు పెద్ద కన్నం కోరుకుంటారు. కన్నం చిన్నదైతే బొమ్మ స్పష్టం, కానీ చీకటి. పెద్దదైతే వెలుగు, కానీ కన్ను అందులో ఎక్కడైనా తిరగొచ్చు. ఏ సాయం కొనుక్కున్నా మరో చేత్తో ఏదో ఒకటి ఇచ్చెయ్యక తప్పదు.

సూది మందం కూడా అంతే. నా సూది కొస ఒక అంగుళాన్ని వెయ్యి చేస్తే అందులో 19 భాగాలు, అర మిల్లీమీటరు లోపు. కంటికీ సూదికీ మధ్య దూరాన్ని నాయిన టేపుతో కొలిచి లెక్కేస్తే 50 మీటర్ల దగ్గర అది సుమారు 3 సెంటీమీటర్ల జాగాను కప్పేస్తుంది. ఇంకా లావు సూదైతే పది వలయంలో సగం దాని వెనకే దాక్కుంటుంది. బాగా కనబడే సూది, చూడాల్సినదాన్ని కనబడనివ్వదు.

*

2024లో యాసంగి కోతలు అయిపోయాక పొలంలో గడ్డి కట్టలు పేర్చి, వాటి వెనక మట్టికట్ట ఉండేలా చూసుకుని మొదలుపెట్టాను. అంతకుముందే హైదరాబాద్ పోయి, విల్లును ప్రెస్‌లో బిగించి, బావ ముఖానికి కుదిరిన పీప్‌ను నా ముఖానికి దింపించుకుని వచ్చాను. పీప్ ఎత్తు తెలుసుకోవడం సులువు. కళ్లు మూసుకుని విల్లు లాగాలి, చేయి దవడ దగ్గర ఆనాక కళ్లు తెరవాలి. మెడ కదపకుండానే కన్నంలోంచి చట్రం కనబడితే సరైన చోట ఉన్నట్టు. కళ్లు తెరిచి లాగితే మాత్రం మెడ మనకు తెలియకుండానే కన్నాన్ని వెతుక్కుంటూ పోతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది.

పది మీటర్ల నుంచి మొదటి మూడు బాణాలు చుక్కకు జానెడు పైన పడ్డాయి. పైన పడుతున్నాయి కదా అని సూదిని కిందికి దించాను. తర్వాతి మూడూ ఇంకా పైకి పోయాయి. నాయిన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. విషయం ఇది: సూదిని కిందికి దించితే, దాన్ని మళ్లీ చుక్క మీదికి తేవడానికి విల్లును పైకెత్తాల్సి వస్తుంది. విల్లు లేస్తే బాణం లేస్తుంది. అందుకని బాణాలు పైన పడితే సూదిని పైకి, ఎడమన పడితే ఎడమకు జరపాలి. నేను తల గోక్కుంటూ చెబితే నాయిన ఒక్క మాటలో తేల్చేశాడు. "తప్పు ఎటు పోతే సూది దాని ఎంబడి పోవాలన్నట్టు."

రసమట్టం పని ఆయనే చేశాడు. దూలానికి తూకపు గుండు వేలాడదీసి, ఆ దారానికి సరిగ్గా విల్లును నిలబెట్టి పట్టుకున్నాడు. బుడగ మధ్యలో లేదు. చట్రం స్క్రూ వదులుచేసి బుడగ మధ్యకొచ్చేదాకా తిప్పి బిగించాను. విల్లు పైభాగం కుడికి ఒరిగితే బాణం కుడికి పోతుంది. దగ్గర్లో తెలియదు, దూరం పెరిగేకొద్దీ బయటపడుతుంది. "గోడ గూడ అంతే. మూడు వరుసల దాంక ఎవ్వనికి తెలువది, స్లాబు కాడికి వొయ్యినంక ఊరందరికి తెలుస్తది" అన్నాడు.

వారంలో 50 మీటర్లకు వచ్చాను. నాలుగు దూరాలకు నాలుగు సూదులు కుదిరాయి. అయినా ప్రతి పది బాణాల్లో ఒకటి అట్ట కిందికి పోయి మట్టిలో గుచ్చుకునేది. విల్లును అనుమానించాను, బాణం ఈకలను అనుమానించాను. చివరికి అర్థమైంది. గుండె కొట్టుకునే క్షణంలో కన్ను తనకు నచ్చిన సూదిని పట్టుకుంటోంది, 50కి చూడాల్సింది 30 మీటర్ల సూదితో చూస్తోంది. భూతద్దమున్న కొత్త సైట్ కొనాలా అని ధరలు చూస్తూ కూర్చున్నాను. నాయిన అడిగాడు, "ఐదు దారాలు కడితే గోడ ఏ దారానికి కట్టాలె?" ఆ సాయంత్రం నాలుగు సూదులు విప్పి అగ్గిపెట్టెలో వేశాను. ఒక్కటి మిగిలింది. కొత్త సైట్ ఇప్పటికీ కొనలేదు.

*

అసలు సంగతి ఒకరోజు పొద్దుగూకే వేళ జరిగింది. మొగులు పట్టి ఉంది. ఇంకో మూడు బాణాలు కొట్టి పోదామని పది మీటర్ల దగ్గర నిలబడ్డాను. పీప్ కన్నంలో చీకటి. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి, సూది వెలుగుతూ చుక్క మీద నిలబడింది, వదిలాను. బాణం మూరెడున్నర ఎడమకు పోయింది. రెండోది అక్కడే. మూడోది కూడా అక్కడే. మూడూ పిడికెడు జాగాలో పక్కపక్కనే గడ్డిలో దిగబడి ఉన్నాయి.

ఆ చోటు నాకు తెలుసు.

ఎనిమిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో, బడి వెనక గ్రౌండ్‌లో, వెదురు విల్లుతో నేను కొట్టిన బాణాలన్నీ పడ్డ చోటు అది. వెదురు విల్లుకు సూదీ లేదు, కన్నమూ లేదు. అట్ట ఎడమ అంచున, లేదంటే అంచు దాటి. రోజూ అక్కడే. నేర్పే సారు "ధ్యాస లేదు" అన్నాడు. పెద్ద క్లాసు పిల్లలు నవ్వారు. ఒకరోజు పని నుంచి వస్తూ నాయిన గ్రౌండ్ దగ్గర ఆగి చూశాడు. ఇంటికొచ్చాక కోపంగా కాదు, జాలిగానే అన్నాడు: "నీకు గురి లేదు బిడ్డా. చదువుకో."

చదువుకున్నాను. కాని ఆ మాట బాణాల దగ్గరే ఆగలేదు. ఇంటర్వ్యూ పోయినప్పుడు, పెళ్లి మాట దాకా వచ్చిన మనిషి వెళ్లిపోయినప్పుడు, మొదలుపెట్టిన ప్రతి పనీ సగంలో ఆగినప్పుడు అదే మాట నాకు నేను చెప్పుకున్నాను. మన భాషలో గురి అంటే లక్ష్యం ఒక్కటే కాదు కదా, నమ్మకం కూడా. ఫలానా డాక్టరు మీద గురి ఉంది అంటాం. గురి లేదనిపించుకున్న పిల్లకు రెండూ పోతాయి.

ఆ రాత్రి ఒక చిన్న పరీక్ష చేసుకున్నాను. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది స్విచ్చును చూడాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయాలి. ఎడమ కన్ను మూస్తే స్విచ్చు మాయమైంది. కుడి కన్ను మూస్తే అక్కడే ఉంది. అంటే నా చేయి కుడివాటం, నా కన్ను ఎడమవాటం. బాణం కుడి కంటి కింద ఉంటుంది, దాని కొసను చుక్కకు కలిపేది ఎడమ కన్ను. ఆ రెండు కళ్ల మధ్య ఎడం బాణాన్ని ఎడమకు తిప్పుతుంది. పగలు పీప్ కన్నం నా కుడి కంటికి బలవంతంగా పని అప్పగిస్తోంది. చీకటి పడగానే ఎడమ కన్ను పాత పెత్తనం తీసుకుంది.

ఇలాంటివాళ్లను మొదట్లోనే గుర్తుపడితే ఎడమచేతి విల్లుతో నేర్పిస్తారు. నాకు ఆ వయసు దాటింది, ఉన్న విల్లేమో కుడిచేతిది. కళ్లద్దాల ఎడమ అద్దానికి తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించుకున్నాను. పది రూపాయల వైద్యం.

సైట్ కుదుర్చుకునేవాళ్లకు చెప్పే మొదటి పాఠం ఒకటుంది. ఒక్క బాణాన్ని చూసి స్క్రూ ముట్టుకోకు. మూడో ఆరో కొట్టు, అవి ఎలా పడ్డాయో చూడు. చెల్లాచెదురుగా పడితే తప్పు నీ చేతిది, నీ ఊపిరిది. స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు. అన్నీ ఒక్కచోట పడి ఆ చోటు మధ్యలో కాకపోతే, కొట్టేవాడిలో లోపం లేదు, చూపును జరపాలి. ఈ పాఠం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ ఎండాకాలం నా బాణాలు చెల్లాచెదురుగా పడలేదు. పదమూడేళ్ల పిల్ల, వెదురు విల్లుతో, రోజూ ఒక్కచోటే కొట్టింది. అట్ట మధ్యలో లేవన్నదే అందరూ చూశారు. ఒక్కకాడ ఉన్నాయన్నది ఎవరూ చూడలేదు. నేను కూడా.

మా పక్క పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో, కాంపౌండ్ అండర్-21 విభాగంలో స్వర్ణం గెలిచింది. పేపర్లో ఫొటో చూసి సంతోషపడ్డాను. అసూయ కాదు, వట్టిగా ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ఒక్కో అమ్మాయి వెనక, సరైన సమయంలో బాణాల దగ్గరికి నడిచిపోయి, అవి ఎలా పడ్డాయో వంగి చూసిన మనిషి ఎవరో ఒకరు ఉండి ఉంటారని.

నాకు ముప్పై దాటింది. నేను విన్నిపెగ్ పోను. ఆదివారం పొద్దున పొలంలో ముప్పై బాణాలు కొడతాను, ఎక్కువ భాగం ఎరుపులో, కొన్ని పసుపులో పడతాయి.

ప్లాస్టర్ ఎందుకని నాయిన అడిగితే మొత్తం చెప్పాను, సారు మాట, తన మాట మాత్రం వదిలేసి. ఆయన అప్పుడు విల్లును దారానికి పట్టి మళ్లీ మట్టం చూస్తున్నాడు. గోడ మట్టం చూసే అలవాటుతో ఎడమ కన్ను మూసుకుని ఉన్నాడు. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"అప్పుడు గూడ అన్ని ఒక్కకాడనే పడేదా?" అన్నాడు.

"ఒక్కకాడనే."

బుడగ మధ్యలోనే ఉంది. అయినా ఆయన స్క్రూను ఇంకోసారి బిగించాడు.