చేతులు కలిపే వేళ

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు వరుసకట్టి చేతులు కలపడాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. 2025 ఆసియా కప్‌లో, దుబాయ్‌లో, పాకిస్థాన్‌పై గెలిచి మనవాళ్లు ఆ ముచ్చట లేకుండానే వెళ్లిపోయాక గానీ దాని లోటు తెలియలేదు.

అప్పటికి పహల్గాం ఉగ్రదాడి గాయం పచ్చిగా ఉంది, తప్పనలేను. మనసు మాత్రం 1999 జనవరి నాటి చెపాక్‌కు పోయింది. వెన్నునొప్పితోనే సచిన్ 136 కొట్టినా 12 పరుగుల తేడాతో ఓడాం. అంత దిగులులోనూ చెన్నై జనం లేచి నిలబడి పాక్ జట్టుకు చప్పట్లు కొట్టారు.

కొన్ని నెలలకే కార్గిల్. అక్కడ తుపాకులు పేలుతుండగానే మాంచెస్టర్‌లో పాక్‌తో ప్రపంచకప్ మ్యాచ్. వెంకటేశ్ ప్రసాద్ వికెట్ తీసినప్పుడల్లా గెంతాను. అది ఆట తెచ్చిన సంతోషమేనా?

ఇప్పటికీ పాక్ బౌలర్ వసీం అక్రమ్ పాత వీడియో కనబడితే వదలను. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. నేనే ఒకసారి అటూ ఇటూ చూసుకుంటాను.